చెంబుల లెక్క

మూడొద్దులకొక్కసారి నల్లా వస్తది బాదేపల్లిల,
అదీ తెల్లారుజామున, దొంగ లెక్క.
రెండు డ్రమ్ములు, ఒక గోలెం, ఆరు బిందెలు నిండంగనే
గర్రుమని దగ్గుతది పైపు.
ఇగ అవ్వే మాకు, అవ్వే మొక్కలకు.

రోహిణి కార్తెల రోళ్లు పగులుతయంటరు.
మా రోలు ఎన్నడో అమ్మినం,
పెయింటు డబ్బ పగిలింది.
అండ్ల వంకాయ చెట్టు
ఏర్లు బయటవెట్టి నా దిక్కు చూస్తున్నది.

పొద్దుగాల ఐదింటికి మొదలు నా హాజరు పట్టీ:
వంకాయకు రెండు చెంబులు,
టమాటకు ఒకటిన్నర,
పుంటికూరకు ఒకటే, మొండిది, ఓర్సుకుంటది.
కొత్తిమీరకు ఎంత పోసినా నిలువదు ఈ ఎండకు,
పువ్వు పట్టి ముసలిదైంది, ధనియాలకే ఇడిసిన.
మిర్పకు ఆకుముడుత, పొయ్యిల బూడిద చల్లిన.
కల్యమాకుకు పులిసిన సల్ల.

పుదీనకు మాత్రం నేను పొయ్యను.
మా మొగులమ్మ దాన్ని కూలరు కింద పెట్టింది.
రాత్రంత చుక్క చుక్క కారుతది,
మాకు నిద్ర, దానికి నీళ్లు.
కరెంటు పోయిన రాత్రి
ముగ్గురం మేలుకుంటం.

నడిఎండల పొయ్యొద్దు, ఉడికి సస్తయి
అని ఎన్నిసార్లు చెప్పినా
పన్నెండింటికి నా పాణం ఆగది.
తలలు వాలేస్తయి, చూడలేను.
"వాలనియ్యి. మాపటికి అవే లేస్తయి.
నువ్వు మేస్త్రివి కావు, అవి కూలోళ్లు కావు."
తన నీలి చీర, చిరిగింది,
నాలుగు కట్టెలకు కట్టి నీడ చేసింది,
పాదుల్ల వడ్ల ఉనుక పరిచింది.
వేలు గుచ్చి చూడు, తడి తగిల్తె చెంబు దించు అంటది.

గుచ్చుత.
ఈ చేతులు గుజరాత్‌ల, ఒడిశాల,
నోరు తిరగని పేర్ల ఊర్లల్ల
కాలువలు తవ్వినయి, ఇరవై రెండేండ్లు.
ఏ కాలువల గూడ నీళ్లొచ్చేదాక ఉండలే.
పని ఒడిసిందా, లారీ ఎక్కుడే.
తడిసిన మన్ను పొద్దుమీకి ఎట్ల వాసనొస్తదో
ఈ రెండు గజాల జాగల తెల్సుకున్న.

లెక్క కుదరక సొరపాదును ఇడిసిపెట్టిన.
నాలుగు చెంబులు తాగుతది మరి,
ఉన్నయే పదహారు.
మొగులమ్మకు చెప్పలే.
వారం దినాలు గోడ మూలకు పోలేదు,
అటు దిక్కు మొఖం గూడ తిప్పలే.

ఎనిమిదో నాడు చూస్తె
తీగ గోడెక్కి కూసున్నది.
మాపటి తెల్ల పువ్వు,
దాని కింద బొటనవేలంత పిందె, నూగు నూగుగ.
మొదలు కాడ మన్ను తడి.
ఎవరు పోసిన్రు?
మొగులమ్మ గాదు, ఆమె లెక్క నాకంటె గట్టిది.

తెల్లారి గోడ కింద ఇటుకల సందు కనవడ్డది.
అటు పక్క వజీర్‌బీ అరుగు.
నడిఎండల బాంగు ఇనొచ్చింది.
కాసేపటికి ఆ సందుల కెల్లి
సన్నగ, వానపాము లెక్క,
వజూ చేసిన నీళ్లు.
దినాం ఐదుసార్లు.
ఆమెకు తెల్వది. సొరకు తెల్సు.
పన్నెండింటికి గూడ తాగింది,
ఉడకలే, సావలే.

కుర్పి తెచ్చి, వాటం చూసి,
గోడ మొదలు నుంచి పాదు దాక
జానెడు కాలువ తీసిన, ఇంచు లోతు.
కట్టలు వేళ్లతోని అద్దిన.
నా బతుకుల అన్నిట్లకు చిన్నది.
గొంతుక్కూసోని ఉన్న, మాపటి బాంగు దాక.

"ఏం చేస్తున్నవ్ ఆడ?"
"నీళ్లొస్తయి, చూస్తున్న."
చేటల బియ్యం అట్లనే పెట్టి
వచ్చి పక్కన కూసున్నది, పండుటాకులు గిల్లుకుంట.
తీగ దిక్కు చూసింది.
"కాయ వాళ్ల దిక్కే దిగెటట్టున్నది."
"దిగనియ్యి," అన్న.